నలభై మీద బొట్టు

మా తమ్ముని కొడుక్కు పాత కార్ల పిచ్చి. వద్దంటే వినే రకం కాదు. కొట్టంలో కోళ్లు గుడ్లు పెట్టుకునే మా జేజినాయన కారును, అంటే మా తాత కారును, బయటికి లాగి, సెలవు దొరికినప్పుడల్లా దాని కింద వెల్లకిలా పడుకుని, ఎట్లాగో బతికించి, మొన్న ఆదివారం నన్ను ఎక్కించుకుపోవడానికి కడపకు తెచ్చాడు. నల్ల రంగు నిగనిగలాడుతోంది. తలుపు తీయగానే రెక్సిన్ వాసన, పెట్రోలు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. నాకు మాట రాలేదు. నాకు మాట రాకపోవడమనేది మా వంశంలో ఎవరూ చూసి ఎరగరు కాబట్టి వాడు కంగారుపడి, "అత్తా, నీళ్లేమన్నా తాగుతావా?" అన్నాడు.

ఊరి బయట రోడ్డెక్కాక వాడు ముందు అద్దానికి ఫోను తగిలించి, దాన్నీ స్పీడు ముల్లునూ మార్చి మార్చి చూడటం మొదలుపెట్టాడు.

"చూడత్తా, ముల్లేమో నలభై అంటాంది, ఫోనేమో ముప్పై ఐదే అంటాంది. ఈ స్పీడోమీటరు అబద్ధం చెప్తాండాది. దీన్ని సరిచేయించాల."

నాకు నవ్వు ఆగలేదు. పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా నవ్వాను. వాడు బండి పక్కకు తీసి ఆపేశాడు. "ఏమత్తా, ఏమయింది?" అంటే, "ఏం లేదు లేరా, నువ్వు దోవ చూసి తోలు" అన్నాను. ఏం లేదని అన్నాను గాని చాలా ఉంది. వాడికి చెప్తే సగం నన్ను వింటాడు, సగం ఫోనును వింటాడు. అందుకని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మాది వేంపల్లె దగ్గర ఒక పల్లె. ఇంట్లో నేలకు కడప బండలు, గదుల నిండా చెనిక్కాయ మూటలు, అదే వేరుశనక్కాయలు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద నీళ్లు చల్లి, గోనెపట్టా పరిచి పడుకుంటే చెనిక్కాయల వాసనకు నిద్ర దానంతట అదే వచ్చేది. జేజి అంటే మా నాయనను కన్న తల్లి. జేజినాయన ఆమె భర్త. ఆ ఇంట్లో పెత్తనం ఎవరిదని అడిగితే ఇద్దరూ నాదే అనేవాళ్లు.

బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు దగ్గర జేజినాయన ఆ కారు కొన్నాడు. కర్నూలు నుంచి తనే తోలుకుని వచ్చాడు. కారు మా ఇంటి ముందు ఆగినప్పుడు ఊరు ఊరంతా దాని చుట్టూ మూగి, అద్దాల్లో మొహాలు చూసుకుంది. జేజినాయన దిగి, మీసం మీది దుమ్ము దులుపుకుని, "ఎనభైలో వచ్చినాను" అన్నాడు. ఆ మాట ఆయన తర్వాత ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. మొదట్లో, దువ్వూరు దగ్గర ఒక లారీ డ్రైవరు తన జోరు చూసి పక్కకు తప్పుకున్నాడని చెప్పేవాడు. కొన్నాళ్లకు ఆ డ్రైవరు చేయెత్తి దండం పెట్టాడు. నాకు ఊహ తెలిసేసరికి లారీ ఆపి, కిందికి దిగి, తలపాగా తీసి నిలబడ్డాడు.

జేజికి జోరంటే పడదు. అందుకు కారణం లేకపోలేదు. పెండ్లైన కొత్తలో ఆమెను పుట్టింటి నుంచి ఎద్దుల బండిలో తీసుకొస్తూ జేజినాయన దారిలో ఎవరితోనో పందెం వేసుకుని, ఎద్దులను పరుగెత్తించి, ఆమెను కంపచెట్లలో పడేశాడట. అప్పటి నుంచి ఆమె ఎడమకాలు కొంచెం ఈడ్చి నడిచేది. ఎవరైనా అడిగితే, "జోరు ఆయప్పది, కాలు నాది" అనేది.

కారొచ్చిన ఏడాది ఆయుధపూజకు చక్రాలకు, స్టీరింగుకు, హారనుకు అన్నింటికీ బొట్లు పెట్టింది. ఆఖరుకు ముందు సీట్లో కూర్చుని, "నలభై యాడుండాదో చూపియ్యి" అంది. జేజినాయన చూపించాడు. స్పీడోమీటరు అద్దం మీద సరిగ్గా ఆ అంకె ఉన్నచోట గంధం రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టింది.

"నేను బండిలో ఉన్నెప్పుడు ముల్లు ఈ బొట్టు దాటిందంటే దిగి నడిచిపోతా" అంది.

ప్రతి శుక్రవారం ఆ బొట్టును తుడిచి కొత్తది పెట్టేది. ఒకసారి పులివెందుల రోడ్డులో నిజంగానే దిగిపోయింది కూడా. కొంగు నడుముకు చెక్కి, కాలీడ్చుకుంటూ ముందు నడుస్తోంది. జేజినాయన పక్కనే కారును పాకించుకుంటూ, "ఎక్కు మే, నలుగురూ చూస్తాండారు" అని బతిమాలుతున్నాడు. వెనక సీట్లో మేము బొరుగులు తింటూ కూర్చున్నాం. ఆ రోజు బొరుగుల రుచి ఇంకా నాలుక మీద ఉంది.

తర్వాత జేజినాయన కండ్లకు పొరలు వచ్చాయి. ఆయన ఒప్పుకోలేదు గాని, ఒకనాడు కారును తిన్నగా తీసుకుపోయి చెనిక్కాయ కట్టె వామిలో దూర్చాడు. లోపలి నుంచి హారను మోగుతోంది, బయటికి కారు కనబడటం లేదు. అందరం కట్టె లాగి ఆయన్ను బయటికి తీస్తే, "వామిని దోవ మీద ఎవురేసినారు?" అని గదమాయించాడు. వామి మా తాతముత్తాతల నాటి నుంచి అక్కడే వేస్తున్నారు.

ఇక కారు తోలేదెవరు? మా నాయన ట్రాక్టరయితే తోలేవాడు గాని, కారెక్కితే వాంతి చేసుకునేవాడు. మిగిలింది మా చిన్నత్త. మా నాయనకు చెల్లెలు, డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉంది. జేజినాయన పక్క సీట్లో కూర్చుని కూర్చుని, ఆయన కాలు యాడ తొక్కుతుందో చెయ్యి యాడ తిప్పుతుందో చూసి నేర్చుకుంది. నూర్పిళ్లు లేనప్పుడు కళ్లంలో గుండ్రంగా తోలి అలవాటు చేసుకుంది. చీరలడగలేదు, నగలడగలేదు. ఆమెకు ఈ లోకంలో కావలసింది ఆ స్టీరింగు ఒక్కటే. దాని ముందు కూర్చున్నప్పుడు ఆమె మొహంలో వచ్చే కళ నేను మళ్లీ ఏ ఆడమనిషి మొహంలోనూ, పెండ్లిపీటల మీద కూడా చూడలేదు.

రచ్చబండ కాడి మగవాళ్లు, "ఏమప్పా, ఆడబిడ్డ చేతికి బండిచ్చినావంట" అంటే జేజినాయన, "బండికి ఆడా మగా తెలీదప్పా, పెట్రోలు పోస్తే పోతాది" అన్నాడు. జేజి మాత్రం తాళంచెవి చిన్నత్త చేతిలో పెట్టే ముందు షరతు పెట్టింది.

"బొట్టు దాటకుంటే తోలు. ఒక్కసారి దాటినా ఈ చెవి నా కొంగు ముడిలో పడతాది. మళ్లా రాదు."

చిన్నత్త తల ఊపింది. ఆ రోజు నుంచి ముల్లు నలభై దగ్గరికి వచ్చి బొట్టు పక్కన నిలబడేది గాని దాన్ని తాకేది కాదు. సంతకు, గుడికి, పొరుగూరి పురుళ్లకు, అన్నింటికీ ఆమే తోలింది. ఎండకు కాలిన రెక్సిన్‌కు మా తొడలు అతుక్కుపోయేవి. దిగేటప్పుడు చర్మం చర్రుమనేది. అయినా కారంటే పిల్లలం అన్నం మానుకుని పరుగెత్తేవాళ్లం.

అట్లా సాగుతుండగా బద్వేలులో జేజి తమ్ముని కొడుక్కు పెండ్లి కుదిరింది. వాళ్ల వంశంలో ఒక ఆచారం. తాళిబొట్టు పెండ్లికొడుకు మేనత్త చేతుల మీదుగానే పీటల మీదికి రావాలి. పెద్ద మేనత్త మా జేజి. తాళిని పసుపు గుడ్డలో కట్టి రొంట్లో దోపుకుంది. దారికి తీపి ఓళిగలు, అలసంద వడలు, ఊరుబిండి పూసిన జొన్నరొట్టెలు మూటలు కట్టారు. మా అమ్మా నాయనా ముందురోజే బస్సుకు పోయారు. తెల్లవారుజామున జేజి, జేజినాయన, నేను, ఓళిగల మూట కారెక్కాం. చిన్నత్త లెక్క వేసింది. "నలభైలో పోయినా పెండ్లికి గంట ముందే ఉంటాం" అంది.

పోతున్నాం, పోతున్నాం. పొద్దు నెత్తికెక్కుతోంది. ఊళ్లు రావడం లేదు. మమ్మల్ని బస్సులు దాటాయి, లారీలు దాటాయి, సిద్ధవటం దాటాక ఒక ట్రాక్టరు కూడా దాటింది. దాని తొట్లో కూర్చున్న ఆడవాళ్లు మాకు చేతులూపారు. చిన్నత్త మొహం కందగడ్డయింది. ముల్లేమో నలభై మీదే నిలబడి ఉంది. జేజి దాని మీద నుంచి చూపు తిప్పలేదు.

మేము చేరేసరికి పెండ్లికొడుకు పీటల మీద చెమటలు కక్కుతున్నాడు. పురోహితుడు చదివిన మంత్రమే మళ్లీ చదువుతున్నాడు. మేళగాళ్లు ఊది ఊది దవడలు పట్టుకుని కూర్చున్నారు. జేజి కాలీడ్చుకుంటూ తాళి తీసుకుని పరుగెత్తింది. ముహూర్తం ఆఖరు ఘడియలో ఎట్లాగో తాళి పడింది. పెండ్లయిపోయింది గాని మాటలు పడ్డాయి.

"ఏమ్మే, కారులో వచ్చినారా, కారును మోసుకుంటా వచ్చినారా?" అని పెండ్లికూతురు తరఫు ఆడవాళ్లు పంక్తిలో ఇస్తరాకులు దాటుకుంటూ వచ్చి మరీ అడిగారు.

జేజి తమ్ముడు అందరి ముందర, "ఆడబిడ్డ చేతిలో బండి పెడితే ఇంతేక్కా. అమావాస్య దాటినాక నా లారీ డ్రైవర్ని పంపిస్తా. వాడే తోలతాడు" అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అనాలనిపించింది. పిల్లదాన్ని, ఓళిగ నోట్లో ఉంది, అనలేకపోయాను. జేజి కాదనలేదు. చిన్నత్త చెయ్యి కడుక్కుని పోయి కారులో కూర్చుంది. పెండ్లి భోజనంలో పాయసం కూడా ముట్టలేదు.

ఇంటికి వచ్చాక, "నాయనా, నేను ముల్లును బొట్టు కాడనే పెట్టినా. లెక్క కుదరడం లేదు. ముల్లే తప్పు చెప్తాందేమో" అంది జేజినాయనతో.

జేజినాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఏందీ? ఆ ముల్లును చూసుకుంటానే నేను కర్నూలు కాన్నించి ఎనభైలో వచ్చినా. అది తప్పయితే నేనూ తప్పేనా? దాని మీద చెయ్యి పడిందంటే చూడు" అన్నాడు. చిన్నత్త ఇంక నోరెత్తలేదు. నోరెత్తలేదు గాని ఊరుకోనూ లేదు.

మరునాడు మధ్యాహ్నం నన్ను వంటింటి వెనక్కి పిలిచి, "మే, మీ జేజినాయన చేతి గడియారం తేగలవా?" అంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. జేజినాయన సంగటి తిని గురక పెడుతున్నాడు. దిండు కింద చెయ్యి పెట్టి గడియారం లాగాను. జేజి చెనిక్కాయలు వొలిచేవాళ్ల దగ్గర ఉంది. ఇద్దరం కారును ఊరి బయటి దాకా చప్పుడు కాకుండా తోసి, అక్కడ స్టార్టు చేశాం.

చిన్నత్త ఉపాయం ఏమంటే, నలభైలో పోయే బండి ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయికి నిమిషన్నరలో పోవాలి. ఆమె ముల్లును నలభై మీద పట్టి ఉంచుతుంది. నేను కిటికీలో నుంచి తల బయటికి పెట్టి రాయి రాగానే కేక వేసి, గడియారం చూడాలి. మొదటిసారి నేను ఎవరి పొలం గట్టు రాయినో చూసి కేక వేశాను. రెండోసారి రాతి మీద మేక పడుకుని ఉండి, రాయి ఏదో మేక ఏదో తేలక కేక వేయలేదు. చిన్నత్త నా తల మీద ఒకటి మొట్టి మళ్లీ వెనక్కి తిప్పింది. ఈసారి సరిగ్గా కుదిరింది. రాయి నుంచి రాయికి రెండు నిమిషాలు దాటింది. మళ్లీ చూశాం. మళ్లీ అంతే.

చిన్నత్త బండి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "ముల్లు నలభై అన్నెప్పుడు బండి ముప్పై గూడా పోవడంలే మే. నాది తప్పు గాదు. అమ్మ చెప్పిన కాడికే ముల్లును నిలబెట్టినా."

"మరి జేజినాయన ఎనభై?" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. వేళ్ల మీద లెక్క వేసుకుంది. "యాభై ఐదు" అంది మెల్లగా. ఆయన లారీ డ్రైవరు, ఆ తలపాగా, ఆ దండం అన్నీ నాకు గుర్తొచ్చాయి. "ఇంట్లో అనద్దు. ఆయన్ను కించపరిచి నేను తోలేదేముంది?" అంది చిన్నత్త. గడియారం తీసుకుపోయి దిండు కింద పెట్టేశాను.

కాని ముల్లును సరిచేయకపోతే బొట్టు ఆమెను కదలనీయదు. అమావాస్య దాటితే డ్రైవరొస్తాడు. వేంపల్లెలో ఒక మెకానిక్ దగ్గరికి పోయాం. కాలిన ఆయిలు వాసన, పక్క అంగట్లో మిరపకాయ బజ్జీల వాసన. అతను మా కత విని, "ఇంతేనా" అని అద్దం ఊడదీసి, ముల్లును పళ్లు పీకినట్టు పీకి, కొంచెం కిందికి జరిపి మళ్లీ గుచ్చాడు. రోడ్డు మీద చూస్తే నలభై కాడ లెక్క సరిగ్గా ఉంది. మేము బజ్జీలు తిని పాటలు పాడుకుంటూ ఇంటికొచ్చాం.

మరునాడు శుక్రవారం. జేజి కుంకుమభరిణె తీసుకుని కారెక్కింది. కాసేపటికి లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"ఇట్రా మే. బండి నిలబడే ఉండాది గదా?"

"నిలబడే ఉండాదమ్మా" అంది చిన్నత్త.

"మరి ముల్లు సున్నాకు కింద యాలాడతాంది. నిలబడిన బండి యెనక్కి పోతాందా?"

చిన్నత్త నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఇంక దాచి లాభం లేదని రాళ్ల సంగతి, గడియారం సంగతి, మెకానిక్ సంగతి అన్నీ చెప్పేసింది. జేజి నోట్లో వక్క అట్లే ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను. వక్కను బుగ్గకు నెట్టి, "మీ నాయనకు చెప్పినావా?" అంది.

"లేదు."

"చెప్పద్దు" అంది జేజి. బొట్టు పెట్టి దిగింది. దిగాక వెనక్కి తిరిగి, "నాకు లెక్కలు తెలీవు. బొట్టు మాత్రం జరపను. బండి నిలబడితే ముల్లు సున్నా కాడ ఉండాల, పోతాంటే నిజం చెప్పాల. అమావాస్య లోపల అట్ల చేయించినావంటే అప్పుడు చూస్తాం" అంది. ఆ చూస్తాం అన్న మాట పట్టుకుని చిన్నత్త ఆ రాత్రి నిద్ర పోలేదు.

ఆమెకే తట్టింది. ముల్లు పీకినప్పుడు లోపల వెంట్రుకంత సన్నని స్ప్రింగు చూసింది. గడియారంలోనూ అట్లాంటిదే ఉంటుంది కదా అని, మీటరును మొత్తం ఊడదీసి, తువ్వాలలో చుట్టి, కాయగూరల సంచిలో పెట్టుకుంది. నన్ను వెంటబెట్టుకుని కడప బస్సెక్కింది. జేజినాయన అరుగు మీద నుంచి, "యాడికే?" అంటే, "గుడికి" అన్నాం.

గడియారాల సాయిబు అంగడి ఒక సందులో ఉండేది. గోడ నిండా గడియారాలు, ఒక్కొక్కటి ఒక్కొక్క టైము చెబుతుంటాయి. సాయిబు కంటికి బుడ్డి అద్దం పెట్టుకుని మీటరును అటూ ఇటూ తిప్పి, "ఇది నాకు రాదు బేటీ. గడియారమైతే రాత్రికి రాత్రి ఇంకోదాని పక్కన పెట్టి చూసుకుంటా. దీన్ని యాడ చూసుకునేది?" అన్నాడు.

"చూసేది మేము చూసుకుంటాం సాయిబూ. నువ్వు బిగించు" అంది చిన్నత్త.

ఆయన చాయ్ తెప్పించుకుని తాగి, స్ప్రింగు నీరసపడిందని తేల్చి, అంచనా మీద బిగించాడు. ముల్లును సున్నా కాడ నిలబెట్టాడు. మేము నన్నారి షర్బత్ తాగి తిరిగొచ్చి, మీటరును కారుకు బిగించి, మళ్లీ రాళ్ల దగ్గరికి పోయాం. ఈసారి మరీ ఎక్కువ బిగిసింది. ముల్లు నలభై అన్నప్పుడు బండి యాభై దాటి పోతోంది. గాలికి నా జడ కిటికీలో నుంచి బయటికెగిరింది. చిన్నత్త కండ్లు మెరిశాయి.

"ఇట్లనే పెట్టుకుందాం చిన్నత్తా. జేజికేం తెలుస్తాది?" అన్నాను.

ఆమె కొంత దూరం అట్లాగే తోలింది. తోలి, ఆపింది. "వద్దు మే. దొంగ ముల్లును నమ్ముకుని ఇంత దూరం వచ్చినాం. మళ్లా ఇంకో దొంగ ముల్లా? అమ్మ కాలు చూస్తాంటే నాకు చేతులు రావు" అంది.

మళ్లీ కడప, మళ్లీ సాయిబు. ఆయన కొంచెం సడలించాడు. ఇంటికొచ్చి చూస్తే ఇంకొంచెం కావాలి. మళ్లీ పోయాం. "ఏందే, ఇన్నిసార్లు గుడికి పోతే దేవుడు తలుపేసుకుంటాడు" అన్నాడు జేజినాయన. సాయిబుకు కూడా పట్టుదల వచ్చింది. ఆఖరుసారి అంగడి మూసి తనే మా వెంట బస్సెక్కి వచ్చాడు. రోడ్డు పక్కన చింతచెట్టు నీడలో కూర్చుని, మేము రాయికీ రాయికీ మధ్య తిరుగుతుంటే, మీటరు విప్పి బిగించి విప్పి బిగించి, సాయంత్రానికి కుదిర్చాడు. నలభై అంటే నలభై. ఆయనకు మా ఇంట్లో కట్టిన పూలదండ, పచ్చి చెనిక్కాయల మూట ఇచ్చి బస్సెక్కించాం. అమావాస్య ఇంక రెండు మూడు రోజులుంది.

జేజినాయనకు కండ్లు చూపించడానికి కడప పోవాల్సిన పని పడింది. "చిన్నది తోలతాది. నేనూ వస్తా" అంది జేజి. అంటే ఇదే పరీక్ష అని మా ఇద్దరికీ అర్థమైంది. జేజి ముందు కూర్చుంది, బొట్టు తడి ఇంకా ఆరలేదు. వెనక జేజినాయన, నేను. ఆయన అద్దం దించుకుని, గాలికి మొహం పెట్టాడు.

వేంపల్లె దాటాక చిన్నత్త ముల్లును నలభై దాకా తీసుకుపోయి నిలబెట్టింది. బండి ఎప్పుడూ లేనట్టు సాగుతోంది. జేజి తలుపు పిడి గట్టిగా పట్టుకుంది.

"చెట్లు శానా జోరుగా పోతాండాయే" అంది.

"ముల్లు చూడమ్మా. బొట్టు దాటలేదు" అంది చిన్నత్త.

జేజి ముల్లు చూసింది. ఎడమకాలిని చేత్తో దగ్గరికి జరుపుకుంది. ఒక బస్సును దాటాం. మేము బస్సును దాటడం అదే మొదలు. నేను వెనక అద్దంలో నుంచి ఆ డ్రైవరుకు నాలుక చూపించాను. వంపుల్లో చిన్నత్త ముందే నిదానించేది, మేకలు కనబడితే ఇంకా దూరాన ఉండగానే కాలు తీసేసేది. జేజి పిడి మీద నుంచి చెయ్యి తీసింది. కొంతసేపటికి వక్కాకు సంచి విప్పింది. ఆమె కారులో వక్కాకు వేసుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

అప్పుడు జేజినాయన వెనక నుంచి, "అరవైలో పోతాండాదే బండి" అన్నాడు.

జేజి వక్కాకు సంచి ఒళ్లో పెట్టుకుంది.

"నాకు కండ్లు పోయినాయి గాని ఒళ్లు పోలేదు. ఈ గాలి నాకు తెలుసు. నేను అరవైలో తోలినెప్పుడు ఇదే గాలి. ఎంత మీద ఉండాది మే ముల్లు?"

ఆయన చెప్పింది నిజమే. పాత ముల్లు అరవై అన్నప్పుడు ఉండే గాలి ఇదే. నలభై అని చెబితే ఆయన ఊరుకోడు, ఎందుకు నలభై అని తవ్వుతాడు. తవ్వితే ఆయన ఎనభై కూలిపోతుంది. అరవై అని చెబితే పక్కన జేజి ఉంది, కొంగు ముడి ఉంది.

"అడుగుతాంటే పలకరేం? ఎంత మే?" అన్నాడు మళ్లీ.

"అరవై" అంది జేజి. "అరవై మీదనే ఉండాది. నీ బిడ్డ గదా, నీ మాదిరే తోలతాంది. గమ్మున కూచ్చో."

"చెప్పినా గదా" అని జేజినాయన వెనక్కి ఒరిగి కండ్లు మూసుకున్నాడు. మీసం కింద నవ్వు గాలికి కూడా చెదరలేదు. జేజి వక్క కొరికి, గొంతు తగ్గించి, "ఇంటికి పోయినాక మా తమ్మునికి కబురంపు. డ్రైవరు వద్దంట అని చెప్పు" అంది చిన్నత్తతో.

ఆ ముగ్గురిలో ఇప్పుడు ఎవరూ లేరు. ఆ తర్వాత, మా తమ్ముని కొడుకు బయటికి లాగేదాకా, ఆ కారును చిన్నత్త తప్ప ఇంకెవరూ తోలలేదు. ఆనాడు నేను ముందు సీట్ల మధ్యకు తల పెట్టి జేజి మొహమే చూస్తూ ఉన్నాను. బొట్టు పెట్టిన నాటి నుంచి ముల్లు మీద నుంచి చూపు తిప్పని మనిషి, అరవై అనేటప్పుడు ముల్లు వైపు చూడనే లేదు. చిన్నత్త చేతుల వైపు చూస్తోంది.